గేటు వేసే కుక్క

మా మావగారింటికి నేను వెళ్ళింది రెండు నెలలుందామని. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాత్తర్వాత నేను చెప్పినా ఎవరూ నమ్మలేదు. బీయెడ్ అయిపోయింది. టీచరు పోస్టులకి నోటిఫికేషన్ ఇవాళో రేపో పడుతుందంటున్నారు. ఈలోగా అనకాపల్లిలో ఉంటే నాకు కోచింగ్ సెంటరు దగ్గర, మా ఆవిడకి వాళ్ళమ్మ దగ్గర. రెండు జతల బట్టలు, ఒక అట్టపెట్టె నిండా పుస్తకాలు పట్టుకుని ఆటో దిగేను. నోటిఫికేషన్ పడలేదు. బట్టలు పాతబడితే కొత్తవి కుట్టించేరు. ఇల్లరికం అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ నా ముందు అనలేదు. మూడో ఏడు వచ్చేసరికి అనవలసిన అవసరం కూడా పోయింది.

మావగారిది బెల్లం వ్యాపారం. రైతులు తెచ్చిన దిమ్మల్ని మార్కెట్ యార్డులో వరసలు పేర్పించి, వేలంపాటలో అమ్మించడం ఆయన పని. నేను వెళ్ళిన మొదటి వారంలోనే ఒరిస్సా నించి ఎవరో ఫోన్ చేసి హిందీ మాట్లాడితే, ఆయన రిసీవరు తెచ్చి నా చేతిలో పెట్టేరు. మాట్లాడేను. అది నా మొదటి పొరపాటు. రెండో వారం కలకత్తా వాళ్ళకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసిపెట్టేను. ఆ పూట కంచంలో గుత్తొంకాయలు అందరికీ రెండేసి పడితే నాకు నాలుగు పడ్డాయి. ఎందుకో ఆలోచించలేదు, తినేసేను. ఏడాది తిరిగేసరికి దిమ్మ అంచు గోటితో గీరి రంగు చూసి ఏ రకమో చెప్పగలిగేవాణ్ణి. కోచింగ్ సెంటరుకి వెళ్ళే వేళా, మార్కెట్లో పాట మొదలయ్యే వేళా ఒకటే కావడం వల్ల కోచింగు దానంతటదే ఆగిపోయింది. అల్లుడుగారూ అన్న పిలుపులో గారు కూడా ఆ రోజుల్లోనే ఎప్పుడో జారిపోయింది.

కుక్క కూడా ఇంచుమించు నాలాగే వచ్చింది. ఒక వానపూట, మార్కెట్ నించి మచ్చు దిమ్మలు తెచ్చిన రిక్షా వెనకాలే వచ్చి, వాన తగ్గేదాకా అని వసారాలో ఒక మూల పడుకుని, ఉండిపోయింది. దాని రంగు రెండో రకం బెల్లం రంగు. చెవులు రెండిట్లో ఒకటే నిలబడేది. పేరు పెడితే ఉంచుకున్నట్టవుతుందని మావగారు పేరు పెట్టనివ్వలేదు. ఆయన దాన్ని "ఇది" అనేవారు. మా ఆవిడ మిగిలిన అన్నం పెట్టేది. ఆ ఇంటి వరసలో నాకంటే కింద ఉన్నది అదొక్కటే కాబట్టి నాకూ దాని మీద ఒక రకమైన అభిమానం ఉండేది.

ఇక గేటు సంగతి. మా ఇంటికొచ్చిన వాళ్ళని ముందు వసారాలో కూర్చోబెట్టి, చిన్న పళ్ళెంలో బెల్లం ముక్క, చెంబుతో మంచినీళ్ళు ఇవ్వడం ఆనవాయితీ. అవి పుచ్చుకున్నాకే మాట. రైతులు, దిమ్మలు మోసే కళాసీలు, బేరగాళ్ళు, చుట్టాలు, రోజుకి ఇరవై మందైనా వచ్చేవారు. వెళ్ళేటప్పుడు గేటు వేసిన మనిషిని నేను చూడలేదు. మాది ఇనప గేటు. కాస్త గట్టిగా తోస్తే చాలు, గడియ దానంతటదే టకీమని పడిపోతుంది. మనిషి చెయ్యవలసింది ఆ ఒక్క తోపు. బెల్లం తిని నీళ్ళు తాగిన వాళ్ళకి ఆ ఓపిక కూడా ఉండేది కాదు.

ఒక కార్తీకమాసం మొదట్లో, కొత్త బెల్లం దిగుతున్న రోజుల్లో, తీసి ఉన్న గేటులోంచి ఒక ఆవు నింపాదిగా వచ్చి, వసారాలో మచ్చుకని పెట్టుకున్న మొదటి రకం దిమ్మని సగానికి నాకేసింది. కుక్క అక్కడే ఉంది. ఒక కన్ను తెరిచి ఆవుని చూసి, కొంచెం జరిగి చోటిచ్చింది.

దాని ఖర్మకొద్దీ ఆ పూట మా ఇంట్లో భోజనానికి మా అత్తగారి తమ్ముడు ఉన్నాడు. మా ఆవిడకి మేనమామ. దేవరాపల్లి అవతల చెరకు పొలం, ట్రాక్టరు ఉన్న మనిషి. బెల్లం వేసుకుని వచ్చేడు. పొలంలో మోటారు షెడ్డు దగ్గర కట్టడానికి ఒక కుక్క కావాలని ఎప్పట్నించో అంటున్నాడు. ఆయన దగ్గర అంతకు ముందున్న కుక్కని నేను చూసేను. గుంజకి రెండు బారల గొలుసు. ఆ గొలుసు ఎంత దూరం వెళ్తే అంత దూరమూ గుండ్రంగా నేల నున్నబడి ఉండేది, దాని అవతల గడ్డి. ఆ గుండ్రంలోనే అది బతికింది, అందులోనే పోయింది.

మావగారు చెయ్యి కడుక్కుని తీర్పు చెప్పేరు. "కార్తీకం ఎళ్ళేదాకా సూద్దాం. ఈలోగా ఇదేదైనా పనికొత్తే సరే. లేపోతే పోలి పాడ్యమికి నువ్వు మళ్ళీ లోడు తెత్తావు గదా, ఎళ్ళేటప్పుడు బండిలో ఏసుకుపో."

కుక్క వసారా మెట్టు మీద కూర్చుని, మేనమామ చేతి వాసన చూసి, ఆయన వేళ్ళు నాకింది. అది చూసి ఉండబట్టలేక నేను, దీనికి గేటు వెయ్యడం నేర్పుతాను అన్నాను. ఆ ఇంట్లో ఒకరు అడక్కుండా నేను చెప్పిన మొదటి వాక్యం అదేననుకుంటాను. అందరూ నాకేసి చూసేరు. అత్తగారు ఇంకొంచెం మజ్జిగ పొయ్యమంటారా బాబూ అని అడిగేరు.

నాకు కుక్కల గురించి ఏమీ తెలీదు. తెలిసిందల్లా బీయెడ్‌లో సైకాలజీ పేపరు కోసం కంఠస్థం పట్టిన ధనాత్మక పునర్బలనం. పరీక్షలో పది మార్కుల ప్రశ్న, బాగా రాసేను. సారాంశం ఇది. తప్పు చేస్తే కొట్టకూడదు, తిట్టకూడదు, చూడనట్టు ఊరుకోవాలి. ఒప్పు చేసిన క్షణాన ఒక గుర్తు ఇవ్వాలి, వెంటనే తినడానికి ఏదైనా పెట్టాలి. గుర్తు ఇచ్చేక పెట్టకపోవడం అన్నది ఉండకూడదు. అక్కడ ఒక్కసారి మాట తప్పితే మొత్తం వ్యవహారం చెడుతుంది. నెట్ సెంటరుకి వెళ్ళి చూస్తే విదేశాల్లో కుక్కలకి ఇలాగే నేర్పుతారట, గుర్తు కోసం టిక్కుమనే చిన్న డబ్బా ఒకటి అమ్ముతారట. నాకు జేబులో పెన్ను ఉంది, నెత్తి మీద నొక్కితే టిక్కుమంటుంది. చాలనిపించింది.

ఈ పద్ధతి మావగారికి వివరించేను. ఆయన చివరిదాకా విని, "నన్నెవరూ బెల్లం పెట్టి పెంచలేదు అల్లుడూ" అన్నారు. తప్పు చేసిన వాణ్ణి వదిలేసి ఒప్పు చేసిన వాడికి పెట్టుకుంటూ పోతే మార్కెట్లో ఒక్క దిమ్మ లేవదని ఆయన అభిప్రాయం. మార్కెట్లో ఆయన తిట్టే తిట్లు తెలిసినవాణ్ణి కనక వాదించలేదు.

బెల్లం దగ్గరే బోల్తా పడ్డాను. ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా బెల్లం. దాన్నే చిన్న చిన్న ముక్కలు చేసి జేబులో వేసుకుని మొదలుపెట్టేను. కుక్క గేటుకేసి చూసింది. టిక్కు కొట్టి ముక్క పెట్టేను. అది వాసన చూసి, నేను ఇటికముక్క పెట్టినట్టు నా మొహంలోకి చూసి, వెళ్ళి పడుకుంది. నాలుగు రోజులు ఇదే వరస. తప్పు పద్ధతిదా కుక్కదా అని బుర్ర బద్దలుకొట్టుకున్నాను. మా ఆవిడ వసారాలో బియ్యం ఏరుకుంటూ నాలుగు రోజులూ చూసి, ఐదో రోజు నోరు విప్పింది. "పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ అది బెల్లం మీదే పడుకుంటోంది. దానికి బెల్లం పెడితే ఏటి గొప్ప?"

మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉండి, ఇంటికి రాగానే ఎవరైనా బెల్లం ముక్క ఇస్తే మొహం తిప్పుకుంటున్న నాకు ఈ సంగతి తట్టలేదు. బీయెడ్ పుస్తకంలో కూడా లేదు.

దానికి కావలసింది ఎండు నెత్తళ్ళు. చేపల బజారు పక్కనించి వెళ్ళేటప్పుడు అది నడక మరిచిపోయేది. అయితే అది కార్తీకం. మా అత్తగారు నెల్లాళ్ళూ తలస్నానాలు, దీపాలు, ఒంటిపూట భోజనం. ఇంట్లో గుడ్డు మాటే ఎత్తరు, చేప సంగతి సరేసరి. నేను వంద గ్రాముల నెత్తళ్ళు కొని, చిన్న ముక్కలుగా తుంచి, నా కళ్ళజోడు డబ్బాలో దాచేను. కళ్ళజోడు ఆ నెల్లాళ్ళూ చొక్కా జేబుకి వేలాడింది. బాబూ, మీ చొక్కాలు ఈమధ్య రెండుసార్లు నానబెట్టవలసి వస్తోంది, మార్కెట్లో ఏటి అంత చెమట పడుతోందా అని అత్తగారు ఒకసారి అడిగేరు. అవునన్నాను. ఆవిడ నన్ను కొంచెంసేపు చూసి లోపలికి వెళ్ళిపోయేరు.

నెత్తళ్ళు వచ్చేక చదువు పరుగెత్తింది. గేటుకేసి చూస్తే టిక్కు, ముక్క. గేటుకేసి అడుగేస్తే టిక్కు, ముక్క. చూసినదానికి పెట్టడం మానేసి అడుగేసినదానికే పెట్టడం, తర్వాత అడుగుకి కూడా మానేసి ముక్కు తగిలిస్తేనే పెట్టడం. ఇలా ఒక్కో మెట్టూ. ముక్కు తర్వాత కాలు, ఒక కాలు తర్వాత రెండు కాళ్ళు. ఒకరోజు రెండు కాళ్ళూ గేటు మీద వేసి ముందుకి ఒరిగింది. గేటు కదిలింది. అది ఉలిక్కిపడి వెనక్కి దూకింది, నేను ఎంత ఆనందపడ్డానంటే మూడుసార్లు టిక్కు కొట్టి మూడు ముక్కలు పెట్టవలసి వచ్చింది. రెండు రోజుల తర్వాత గడియ పడింది. ఆ టకీమన్న చప్పుడుకి లోపల్నించి మావగారు, ఎవరది గేటేసింది అని కేకేసేరు. ఆ ఇంట్లో ఆ చప్పుడు అంత అరుదు.

ఇంకో విద్య కూడా నేర్పేను. పని చేసేక గోనెపట్టా మీద కూర్చోవాలి, వచ్చేపోయే మనిషిని చూసి మొరక్కూడదు. మొరక్కుండా ఉన్నంతసేపూ మధ్య మధ్య టిక్కు, ముక్క. ఇది దానికి సులువుగానే వచ్చింది. ఆవుని చూసినా మొరగని కుక్క.

చిక్కు మావగారి పెన్ను దగ్గర వచ్చింది. ఆయనదీ నొక్కే పెన్నే. వసారాలో బల్ల దగ్గర కూర్చుని ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు ఆయన దాన్ని టిక్కూ టిక్కూమని నొక్కుతూనే ఉంటారు. నొక్కినప్పుడల్లా కుక్క పరుగున వెళ్ళి ఆయన ఎదట నిలబడి, ఏదో ఇస్తారని చూసేది. ఆయన ఏమీ ఇచ్చేవారు కాదు. పది రోజుల నా కష్టం ఆయన ఆలోచనల కింద నలిగిపోతోందని, ఆయన మార్కెట్‌కి వెళ్ళినప్పుడు ఆ పెన్ను తీసేసి మూత పెన్ను పెట్టేను. ఆయన రెండు రోజులు మూత తీస్తూ పెడుతూ ఆలోచన సాగక, ఇంట్లో అందరి మీదా విసుక్కుని, మూడో రోజు వెతికి తన పెన్ను తాను తెచ్చుకున్నారు. ఇక నేను చెయ్యగలిగింది లేక, ఆయన ఆలోచించేటప్పుడు కుక్కని పెరట్లోకి తీసుకుపోయేవాణ్ణి.

కార్తీకం చివరి వారానికి కుక్క తయారైంది. ఎవరొచ్చి వెళ్ళినా వెనకాలే వెళ్ళి గేటు తోసేది, గడియ పడేదాకా వదిలేది కాదు, వచ్చి పట్టా మీద కూర్చునేది. రైతులు ఇది చూడ్డానికే గేటు మళ్ళీ తీసి మళ్ళీ వెళ్ళేవారు. తుమ్మపాల నించి వచ్చిన ఒక పెద్దాయన, మనకి తెలీని మర్యాద దానికి తెలుసునని చెప్పి, వెళ్ళేటప్పుడు తనే గేటు వెయ్యబోయేడు. కుక్క ఒప్పుకోలేదు. మావగారు నాతో ఏమీ అనలేదు గాని, వచ్చినవాళ్ళతో "మా కుక్క" అనడం రెండుసార్లు విన్నాను. ఇక ఫరవాలేదనుకున్నాను.

పోలి పాడ్యమికి రెండు రోజులుందనగా దేవరాపల్లి నించి మేనమామ ఫోన్ చేసేడు. మావగారు మాట్లాడుతున్నారు, నేను పక్కనే ఉత్తరం ఏదో రాస్తున్నాను. లోడు సంగతి అయ్యేక ఆయన కుక్క సంగతెత్తేరు. ఎత్తి ఊరుకోలేదు. బెల్లానికి చెప్పినట్టు దాని రంగూ రకమూ చెప్పేరు. గేటు ఎలా వేస్తుందో, మనిషిని చూసి మొరగదని, చెప్పినచోట కూర్చుంటుందని. అవతల మేనమామ గొంతు రిసీవరు దాటి నాకు వినపడింది.

"అయితే మరి అదే కావాలి బావా. మా షెడ్డు తలుపు ఒక్క ఎదవా ఎయ్యడు. పందులెల్లి వైర్లు కొరికీసినాయి. ఉత్త కుక్కని నానేటి సేసుకుంతాను. ఇలాటిది ఉంటే సెప్పు, ఎల్లుండే తోలుకుపోతాను."

మావగారు సరే అనేసేరు. బావమరిది నోరు తెరిచి అడిగింది కాదనలేరు, పైగా ఇచ్చేది మొన్నటిదాకా పేరు కూడా పెట్టని కుక్క. పనికిరాకపోతే పంపేద్దామన్నారు, పనికొచ్చింది కనక పంపేస్తున్నారు. రెండూ ఆయనకి ఒకే వాక్యంలా వినపడ్డాయి.

నేను గదిలోకి వెళ్ళి ఈ అన్యాయం మా ఆవిడకి చెప్పేను. ఆవిడ బట్టలు మడత పెడుతోంది. దాన్ని బాగు చేద్దామని నేర్పితే అదే దాని మెడకి చుట్టుకుందన్నాను. ఆవిడ మడత ఆపి నాకేసి చూసింది.

"ఆ రోజు ఫోన్‌లో హిందీ రాదని మీరు చెప్పుంటే, ఈపాటికి మనం ఎక్కడో ఉండేవాళ్ళం."

అంది, మళ్ళీ మడత పెట్టుకుంది. కోపంగా అనలేదు. మడత పెట్టినవాటిలో నా చొక్కాలే ఎక్కువ.

ఆ రెండు రోజులూ నేను నేర్పినది మరిపించడానికి ప్రయత్నం చేసేను. పుస్తకం ప్రకారం అది చాలా సులువు. టిక్కు మానెయ్యాలి, ముక్క మానెయ్యాలి, పని దానంతటదే మరుపుకొస్తుంది. ఎంతకాలానికి అన్నది పుస్తకం చెప్పలేదు. కుక్క గేటు వేసి వచ్చి నాకేసి చూసేది. నేను గోడకేసి చూసేవాణ్ణి. అది సందేహపడి మళ్ళీ వెళ్ళి, గడియ సరిగ్గా పడిందో లేదో అని ముక్కుతో తోసి చూసి, మళ్ళీ వచ్చేది. తప్పు తనదేననుకుంది. ఆ రెండు రోజుల్లో అది మునుపటి కంటే గట్టిగా గేటు వెయ్యడం నేర్చుకుంది.

పోలి పాడ్యమి పొద్దున్న అత్తగారు దీపాలు వదిలి వచ్చేరు. వంటింట్లోకి నెల్లాళ్ళ తర్వాత చేప వచ్చింది. మధ్యాహ్నం మేనమామ మార్కెట్లో లోడు దింపేసి, ట్రాక్టరు ఇంటి ముందు ఆపి, గేటు బార్లా తెరిచి లోపలికొచ్చేడు. భోజనాలయ్యేక అందరూ వసారాలో చేరేరు. గేటు అలాగే తెరిచి ఉంది. మావగారు బల్ల దగ్గర, చేతిలో పెన్ను. మేనమామ అరుగు మీద. అత్తగారు, మా ఆవిడ గుమ్మంలో. నేను చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని గోడకి చేరబడ్డాను. కళ్ళజోడు డబ్బా గదిలో వదిలేసి వచ్చేను.

"ఏటల్లుడూ, కానీ," అన్నాడు మేనమామ.

ఈమధ్య అది సరిగ్గా చెయ్యటం లేదు మావయ్యా అన్నాను. కుక్క నా మొహంలోకి చూసింది. నేను వసారా కప్పులో పెంకులు లెక్కపెట్టేను. వెయ్యకు అని చెప్పడానికి మా ఇద్దరి మధ్యా గుర్తు లేదు. నేర్పేటప్పుడు అది అవసరమవుతుందని అనుకోలేదు.

అది లేచింది. మెట్లు దిగింది. నింపాదిగా వెళ్ళి, రెండు కాళ్ళూ ఆనించి, తోసింది. గడియ పడింది. ముక్కుతో ఓసారి తోసి సరిచూసుకుంది. వెనక్కి వచ్చి పట్టా మీద కూర్చుని, నాకేసి చూసింది. నేను కదల్లేదు. కాసేపు ఆ కుక్క చేసింది ఒప్పో తప్పో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

టిక్కుమంది.

మావగారి పెన్ను. ఆయన ఏదో ఆలోచిస్తున్నారు. కుక్క లేచి ఆయన దగ్గరికి వెళ్ళి ఎదట నిలబడింది. ఆయన దాన్ని చూసి, పెన్నుని చూసుకుని, మేనమామకి పెట్టిన పళ్ళెంలోంచి ఒక బెల్లం ముక్క తీసి అందించేరు. అది తినేసింది. నా చేత్తో ఇస్తే ఒక్కనాడు తినలేదు.

బండెక్కించడానికి నేను సాయం రానని లోపలికి వెళ్ళబోయేను. సాయం అక్కర్లేకపోయింది. మేనమామ విస్తట్లోంచి దాచుకున్న ఒక చేపముక్క ట్రాక్టరు తొట్టిలో పెట్టి నాలిక టక్కుమనిపించేడు. కుక్క ఎగిరి ఎక్కింది. ఆయన బీయెడ్ చదవలేదు.

ట్రాక్టరు వెళ్ళిపోయేక గేటు తెరిచే ఉంది. ఎవరూ వెయ్యలేదు. నేనే వెళ్ళి వేసేను.

మర్నాడు మొదటి రైతు వచ్చి వెళ్ళేడు, గేటు వదిలేసేడు. ఆ వారం రోజులూ కుక్క వేస్తుందన్న ధైర్యంతో అందరికీ ఉన్న కాస్త అలవాటూ పోయింది. ఆవు రానే వచ్చింది. మావగారు వసారాలోంచి, గేటో అని ఒక్క కేక వేసేరు. ఎవర్నీ పేరుపెట్టి పిలవలేదు. నేను రాస్తున్నది ఆపి, వెళ్ళి ఆవుని తోలి, గేటు వేసి, వచ్చి కూర్చున్నాను. మధ్యాహ్నానికి నాలుగుసార్లు. రెండో రోజుకి కేక అక్కర్లేకపోయింది. ఎవరైనా చెంబు కింద పెట్టిన చప్పుడైతే చాలు, నాకు కాళ్ళు లేచేవి. వారం పోయేక ఒక పూట భోజనంలో చేపల పులుసులో నడిముక్కలు రెండూ నాకే పడ్డాయి. మా ఆవిడ ఆ ముక్కలకేసీ నాకేసీ చూసింది. నేను తలొంచుకుని తినేసేను. ముక్క బాగుంది.

మూడు వారాలకి మేనమామ మళ్ళీ లోడు తెచ్చేడు. ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది. తొట్టిలోంచి ముందు ఒక నిలబడ్డ చెవి కనిపించింది. ఆయన కుక్కని దింపి, తాడు మావగారి చేతిలో పెట్టి, మీ కుక్కకో దండం అన్నాడు. నీళ్ళు, బెల్లం పుచ్చుకున్నాక సంగతి చెప్పేడు.

మొదట పది రోజులు కట్టేసే ఉంచేడట. అది మొరగదు, పీకదు, చెప్పినచోట కూర్చుంటుంది. ఇంత బుద్ధిమంతురాలిని కట్టడమెందుకని విప్పేసేడు. ఆ మర్నాడు పొద్దున్నే మోటారు వెయ్యడానికి షెడ్డులోకి వెళ్ళేడు. వెనకాల తలుపు పడింది. బయట గడియ పడింది. ఆయన మాటలు ఇప్పటికీ నాకు వినపడతాయి.

"కిటికీలోంచి సూత్తే ఎదురుగా కూకునుంది అల్లుడూ. నాకేసే సూత్తన్నాది. ఏదో పెడతానని. సెల్లు బండి కవర్లో ఉండిపోనాది. అరిసీ అరిసీ గొంతు పోయింది. పక్క పొలం ఓడొచ్చేడు, కుక్క నిమ్మళంగా కూకునుంటే అంతా బాగానే ఉందనుకుని ఎల్లిపోనాడు. ఒక్క అరుపు అరవలేదు ముండ. మీ అత్త కూడట్టుకుని మజ్జానం ఎప్పుడో వత్తే బయటపడ్డాను."

అంతసేపు లోపల ఏం చేసేవు మావయ్యా అని అడిగేను. ఊరికే తెలుసుకుందామని.

"ఏటి సేత్తాను. ఈ గోడ నించి ఆ గోడకి తిరిగేను. ఆరడుగులు. మళ్ళీ ఆరడుగులు." కుక్క మెడలో తాడుకేసి చూసి, "ఈ లెక్కన గొలుసే నయం, దానికి రెండు బారలుండేది," అన్నాడు. ఆయన నవ్వేడు. మావగారూ నవ్వేరు. మేనమామ ఆ తర్వాత కుక్కని తెచ్చుకోలేదు, తలుపుకి స్ప్రింగు పెట్టించుకున్నాడు.

పనికిరాదని తిప్పి పంపిన దాన్ని మళ్ళీ ఎవరూ అడగరు. కాబట్టి అది ఉండిపోయింది. మావగారు తాడు విప్పేరు. మెడ చుట్టూ వేలెడు వెడల్పున వెంట్రుకలు ఊడి ఉన్నాయి. అత్తగారు లోపల్నించి పసుపూ నూనే కలిపి తెచ్చి, నా చేతికిచ్చి, ఇంకో చేత్తో చిన్న పొట్లం కూడా ఇచ్చేరు. విప్పితే నెత్తళ్ళు. "మీ కళ్ళజోడు డబ్బా కడిగేసేను బాబూ. ఇకమీదట పొట్లంలోనే పెట్టుకోండి," అన్నారు. ఆవిడకి కార్తీకమంతా తెలుసు.

మేనమామ వెళ్ళేడు. గేటు వదిలేసే వెళ్ళేడు, ఆయన్నీ మార్చలేం. నాకు కాళ్ళు లేచేయి. కుక్క నన్ను దాటుకుని వెళ్ళి, తోసి, గడియ వేసి, ముక్కుతో సరిచూసుకుంది. నేను సగంలో ఆగి, పని లేనివాడిలా నిలబడ్డాను.

మార్కెట్‌కి వేళవుతోందని మావగారు అన్నారు. చెప్పులేసుకుని గేటు తీసుకుని వీధిలోకొచ్చేను. నాలుగడుగులు వేసేసరికి వెనక టకీమంది. జేబులో చెయ్యి దానంతటదే పెన్ను మీద పడింది, టిక్కుమంది. కొట్టాలనుకోలేదు. కొట్టేసేను. గుర్తు ఇచ్చేక పెట్టకుండా పోకూడదు, అది పద్ధతి, నేర్పినవాణ్ణి నేనే. రోడ్డు చివరిదాకా ఓసారి చూసేను. బస్సు ఒకటి వెళ్తోంది, అందులో చోటున్నట్టే ఉంది.

వెనక్కి వచ్చి గేటు తీసేను. అది ఎదురు చూస్తోంది.